పాత షెవీకి రిమ్ములు కొనే ముందు

చిన్నోడా,

టెక్సాస్‌లో 1972 నాటి షెవర్లే సీ10 పికప్ కొన్నావనీ, దాన్ని బాగా కిందికి దించి వెడల్పు రిమ్ములు వేయిస్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కావలిలో మన షెడ్డు చుట్టూ తిరిగిన పిల్లోడు అంత పాత బండికి ప్రాణం పోస్తున్నాడంటే గర్వంగానే ఉంది. కానీ వెడల్పు రిమ్ములు అనేసరికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నీ బండికి ఐదు స్టడ్లు, పీసీడీ, అంటే స్టడ్ల మధ్యగా పోయే వలయం అడ్డుకొలత, ఐదు అంగుళాలు. 1970 దాకా వచ్చిన సీ10లకు ఆరు స్టడ్లు, కాబట్టి పేరు చూసి కొనకు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు ఉంటాయి, డిస్కుని నొక్కే కాలిపర్‌కు రిమ్ము తగలకూడదు. నట్లు వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించు.

ఇప్పుడు అసలు సంగతి. అల్లూరు వైపు రొయ్యల చెరువులాయన ఒకరు జీపుకి వెడల్పు రిమ్ములు వేయించాడు. బిగించిన వాళ్లు బండి ఖాళీగా నిలబడి ఉండగా చూసి, టైరు పక్కన వేలు దూరుతోంది కదా, చాలన్నారు. తర్వాత మేత బస్తాలు, పైన నలుగురు మనుషులు. కల్వర్టు దగ్గర బండి ఒక్కసారి కూర్చుంది, వెనక టైరు పేలింది, జీపు వరి చేలో పడింది. ఆ టైరు నా దగ్గరికే తెచ్చారు. లోపలి గోడ మీద చుట్టూ గాడి. వేలు పెట్టి చూస్తే రబ్బరు పోయి దారాలు తగిలాయి. అంటే వారాల తరబడి స్ప్రింగు పట్టీకి రాసుకుంటూనే ఉంది, పైనుంచి చూసినవాడికి కొత్త టైరులా మెరుస్తోంది. ఆ బస్తాల మీద కూర్చున్న నలుగురిలో మీ నాన్న ఒకడురా. మెట్ల మీద జారిపడి చెయ్యి విరిగిందని మీకు చెప్పాడు. నీకు ఈ మాట చెప్పక తప్పడం లేదు.

అందుకే నిలబడ్డ బండిని కొలవకు. స్ప్రింగులు తీసి, జాకీతో చక్రాన్ని స్టాపరు తగిలేదాకా పైకి లేపు. ముందు చక్రాలకైతే స్టీరింగ్ రెండు వైపులా ఫుల్ కటింగ్ కొట్టు. హబ్బు ముఖం నుంచి లోపలికి చాసిస్, స్టీరింగ్‌తో చక్రాన్ని తిప్పే టైరాడ్ ఎండ్ దాకా ఎంతుందో, బయటికి మడ్‌గార్డు అంచు దాకా ఎంతుందో రాసుకో. లోపలి కొలతే నీ బ్యాక్‌స్పేసింగ్‌కి, అంటే రిమ్ము హబ్బుకి ఆనే చోటు నుంచి దాని లోపలి అంచు దాకా ఉండే దూరానికి, హద్దు. ఎనిమిదంగుళాల రిమ్ము అంచు నుంచి అంచుకి దాదాపు తొమ్మిది వస్తుంది, టైరు పొట్ట ఇంకా బయటికి ఉబుకుతుంది. అది లెక్కలో వేసుకో. ఇంకోటి, మీ బండి వెనక ఇరుసుని అడ్డంగా పట్టి ఉంచే రాడ్డు ఉంటుంది. బండిని కిందికి దించితే అది ఇరుసుని ఒక పక్కకి నెడుతుంది. ఎడమ పక్క పట్టింది కదా అని కుడి పక్క వదిలెయ్యకు. అడ్జస్ట్ అయ్యే రాడ్డు దొరికితే ముందు అది వేయించి, ఇరుసు మధ్యకి వచ్చాకే కొలువు.

ముందు చక్రాల స్ప్రింగుల్ని, వాటిని నొక్కి పట్టే కంప్రెసర్ లేకుండా ముట్టుకున్నావంటే ఊరుకోను. స్టాండ్లు పెట్టకుండా బండి కింద దూరితే అంతకన్నా ఊరుకోను. ఒక్కడివే చెయ్యకు నాయనా, ఎవరినైనా పక్కన పెట్టుకో.

డబ్బు కట్టక ముందే నాలుగు చక్రాల కొలతలూ కాగితం మీద రాసి ఫోటో పెట్టు. ఇక్కడ అర్ధరాత్రయినా లేచి చూస్తాను.

మామయ్య