ల్యాప్‌టాప్ అమ్మెయ్యకు బిడ్డా

బిడ్డా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నిన్ను సర్వర్ల టీమ్‌లో వేశారని, రాత్రిపూట సర్వర్‌కు ఏమన్నా అయితే లేచి చూసే ఆన్‌కాల్ డ్యూటీ కూడా ఇస్తున్నారని చెప్పింది. నిద్రపోతున్న మీ అత్తను లేపి మరీ చెప్పాను. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వచ్చింది నువ్వే.

ఆ తర్వాత చెప్పిన మాటకు మాత్రం నాకు నిద్ర పట్టలేదు. ల్యాప్‌టాప్ అమ్మేసి, ఇంకొన్ని డబ్బులు కలిపి ఐప్యాడ్ కొంటావట. హైదరాబాద్ నుంచి నల్లగొండకు బస్సులో నిలబడి వచ్చినప్పుడల్లా సంచి బరువుకు భుజం గుంజుతోందట. ఆ భుజం నొప్పికే నేనూ ఒకప్పుడు ట్యాబ్లెట్ కొన్నాను.

ట్యాబ్లెట్ దండగ అని నేననను. పెద్ద పెద్ద మాన్యువల్స్ చదువుకోవడానికి అంత సుఖమైనది ఇంకోటి లేదు. ఏ సర్వర్ దేనికి కలుస్తుందో పెన్సిల్‌తో బొమ్మ గీసి మీటింగ్‌లో చూపిస్తే, పది నిమిషాలు చెప్పేది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. రాత్రి అలర్ట్ వస్తే మంచం మీది నుంచే గ్రాఫ్ చూసి, లేవాలా వద్దా తేల్చుకోవచ్చు. కానీ ప్రోగ్రామ్‌లను వాటికి కావలసిన వాటితో సహా డబ్బాలో పెట్టినట్టు పెట్టి నడిపే డాకర్ ఐప్యాడ్‌లో నడవదు. ల్యాప్‌టాప్‌లో లాగా నీకు కావలసిన టూల్స్ అన్నీ వేసుకోనివ్వదు. చిప్ ఎంత గట్టిదైనా సిస్టమ్ గీసిన గీత దాటలేవు. ట్యాబ్లెటే కావాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల సర్ఫేస్ ప్రో లాంటిది చూడు, దాంట్లో నడిచేది పూర్తి విండోసే.

కీబోర్డు లేకుండా మాత్రం ఏదీ కొనకు.

2013లో దేవరకొండలో మీ చిన్నమ్మ పెళ్లి గుర్తుందా? నువ్వప్పుడు ఆరో తరగతి, పట్టులంగా వేసుకొని పందిరంతా తిరిగావు. నేను అప్పుడు పనిచేసే కంపెనీలో జీతాల డేటాబేస్ నా చేతిలో ఉండేది. పెళ్లికి ల్యాప్‌టాప్ ఎందుకని ట్యాబ్లెట్ ఒక్కటే సంచిలో వేసుకొని హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో బస్సెక్కాను. మాల్ ఊరు దాటేదాకా కిటికీ పక్కన కూర్చొని మెయిల్స్ చూసుకుంటూ, ఎంత తేలికగా ఉందో అని మురిసిపోయాను.

పొద్దున ముహూర్తానికి గంట ముందు ఫోన్ వచ్చింది. డేటాబేస్ పడిపోయింది, మర్నాడు జీతాలు. బియ్యం బస్తాల మీద కూర్చొని ట్యాబ్లెట్ తీశాను. తెర మీద కీబోర్డు లేస్తే సగం తెర మూసుకుపోయేది. దాంట్లోంచే ఆఫీసు సర్వర్ ఎక్కి, పాత బ్యాకప్ నుంచి డేటా తిరిగి నింపే పని, అదే రిస్టోర్, మొదలుపెట్టాను. అది నడుస్తుండగానే మీ అమ్మ పిలిచింది. బాపు లేడు కాబట్టి పెళ్లికొడుకు కాళ్లు కడగాల్సింది నేనే. దాని పని అది చేసుకుంటుందిలే అని ట్యాబ్లెట్‌ను సంచిలో పెట్టి పోయాను.

తెర ఆరిపోతే కాసేపటికి సిస్టమ్ సర్వర్‌కు కలిపే ఆ యాప్‌ను కూడా నిద్రపుచ్చేస్తుందని నాకు తెలియక కాదు, ఆ హడావిడిలో తట్టలేదు. కనెక్షన్ తెగింది, దానితో పాటే రిస్టోర్ మధ్యలో ఆగిపోయింది. సర్వర్‌లో 'స్క్రీన్' అనే కమాండ్ ఉంటుంది, దాని లోపల నడిపి ఉంటే నా కనెక్షన్ తెగినా రిస్టోర్ సర్వర్‌లో నడుస్తూ ఉండేది. పసుపు నీళ్లు ఆరని చేతులతో తిరిగి వచ్చి చూస్తే సగం టేబుల్స్ నిండాయి, సగం ఖాళీ. కంగారులో మళ్లీ మొదలుపెట్టాను. ఎర్రర్ లైన్ కీబోర్డు వెనక్కి పోయింది, చూడలేదు. ఉన్న సగం కూడా పాడైంది.

అప్పగింతలప్పుడు నేను లేను. చెల్లెలు ఏడుస్తుంటే నేను హైదరాబాద్ బస్సులో ఉన్నాను. అది ఇప్పటికీ ఒక్క మాట అనలేదు.

జీతాలు రెండు రోజులు లేటయ్యాయి. పెద్ద జీతాల వాళ్లు పట్టించుకోలేదు. మా వాచ్‌మెన్ కల్వకుర్తి దిక్కు మనిషి. గేటు దగ్గర టోపీ తీసి చేతిలో పట్టుకొని, "సార్, ఈరోజన్నా పడుతదా? బిడ్డ ఫీజుకు ఆఖరు తారీఖు" అని మెల్లగా అడిగాడు. తప్పు నాదని అతనికి తెలియదు. జేబులో ఉన్నవి ఇచ్చాను, తీసుకోలేదు.

నీ సర్వర్ల వెనక కూడా అలాంటి వాళ్లు ఉంటారు బిడ్డా. అందుకే ఇంత కోపంగా రాస్తున్నాను. ల్యాప్‌టాప్ అమ్మకు. ట్యాబ్లెట్ కొంటే దానికి తోడుగా కొను. కొనేముందు ఆఫీసులో ఎవరిదన్నా ఒకటి అడిగి, ఒక శనివారం పనంతా దాని మీదే చేసి చూడు. ఎక్కడెక్కడ చేయి ల్యాప్‌టాప్ వైపు పోయిందో కాగితం మీద రాసుకో. దూరం నుంచి సర్వర్ ఎక్కినప్పుడల్లా ముందు టీమక్స్ తెరువు, అదీ ఆ స్క్రీన్ కమాండ్ లాంటిదే, ఆ తర్వాతే కమాండ్ కొట్టు. నువ్వు ల్యాప్‌టాప్ మీద ఉన్నా సరే.

డబ్బులు తక్కువైతే మీ అమ్మను అడగకు, నన్ను అడుగు. రెండు భుజాలకూ వేసుకునే సంచి ఒకటి చూసి పెట్టాను, నల్లదే, నీకు నచ్చే రంగు.

ఆదివారం ఏ బస్సుకు వస్తున్నావో చెప్పు. బస్టాండుకు బండేసుకొని వస్తాను, దిగగానే సంచి నాకియ్యి.

మీ మామ