పారిస్ భూగర్భ సినిమా హాలుకి టికెట్ దొరుకుతుందా? – సమాధానం

పారిస్ నేల కింది పాత సినిమా హాలు ఎప్పటిది, టికెట్ ఎక్కడ కొనాలి అని అడిగారు కదండీ. అక్కడ పాతవి సున్నపురాయి గనులే, హాలు కాదు. 2004లో శిక్షణ కోసం దిగిన పోలీసులకు పాలే ద షాయో అనే పెద్ద భవనం కింద అది కంటపడింది: తెర, ప్రొజెక్టర్, రాతిలో చెక్కిన కూర్చునే వరుసలు, పక్కనే బార్. ఎవరైనా అడుగుపెడితే కుక్కల అరుపుల రికార్డింగ్ మోగేది! మూడు రోజులకు మళ్లీ వెళ్తే కరెంటు వైర్లు కోసేసి ఉన్నాయి, నేల మీద ‘వెతకొద్దు’ అని ఒక చీటీ. ఒక రహస్య బృందం అది తమ పనేనని తర్వాత చెప్పుకుంది. సినిమా మీద ఎంత ప్రేమ ఉంటే అంత కష్టపడతారు!

కాబట్టి టికెట్ అనేదే లేదు. ఆ గనుల సొరంగాల్లోకి దిగడం 1955 నుంచి నిషేధం, దయచేసి సాహసం చేయకండి. గనులు చూడాలనుంటే డాన్ఫేర్-రోష్రో కూడలి దగ్గర, ఆ గనుల్లోనే సందర్శకుల కోసం ఉన్న ఎముకల నిలయం కాటకోంబ్స్‌కి వెళ్లండి, తెరిచి ఉందో లేదో ముందే చూసుకుని.