అందరి ఇళ్లకూ వెళ్తున్నాను, నా ఇంటికే దూరమయ్యాను

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నాకు 43 ఏళ్లు. పది వరకు చదివాను, కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా చర్చి సంఘ పెద్దల్లో ఒకణ్ణి. ఎనిమిది నెలల కిందట మా పాస్టర్ గారికి పక్షవాతం వచ్చింది. పక్క మండలం పాస్టర్ గారు నెలకోసారి వచ్చి ప్రభు భోజన సంస్కారం ఇచ్చి వెళ్తారు. ఆదివారం వాక్యం, పరామర్శలు, తగాదాలు అన్నీ నా మీదే పడ్డాయి. మొన్న మా సంఘంలోని ఒక అమ్మాయి, భర్త తాగి కొడుతున్నాడని ఏడుస్తూ వచ్చింది. ప్రార్థన చేసి, ‘ఓర్చుకోమ్మా’ అని పంపేశాను. వారం తిరక్కుండా చెయ్యి విరిగి ఆసుపత్రిలో చేరింది. ఇప్పుడు పుట్టింట్లో ఉంది. నాకు నిద్ర పట్టడం లేదు. నా భార్య మాట్లాడటం తగ్గించేసింది. ఇంటర్ చదివే మా అబ్బాయి చర్చికి రానంటున్నాడు. పెద్దరికం వదిలేద్దామా అనిపిస్తోంది.

జవాబు: తమ్ముడూ, వందనాలు.

ముందు ఆ అమ్మాయి సంగతి. చెయ్యి విరగ్గొట్టింది ఆమె భర్త, మీరు కాదు. కానీ ‘ఓర్చుకో’ అన్న మాట మీది. అందుకే ఆమె దగ్గరికి వెళ్లి ‘ఆ రోజు నేను చెప్పింది తప్పమ్మా’ అనండి. అంతకు మించి సంజాయిషీ వద్దు. ఓర్పు గురించి వాక్యంలో ఉన్న మాటలు దెబ్బలు తింటూ కూర్చోమని చెప్పడానికి కాదు. ఆమె సరేనంటేనే రాజీ మాట ఎవరైనా ఎత్తాలి. మీరు మాత్రం ఇప్పుడు ఎత్తొద్దు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే, జిల్లాలోని సఖి కేంద్రం సంగతి ఆమెకు చెప్పండి. గృహహింస నుంచి రక్షణకు 2005లో చట్టం వచ్చింది. కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం.

ఇంకొకటి. ఆమె మీకు చెప్పుకున్నది ప్రార్థన విన్నపాల్లో కూడా బయటికి రాకూడదు. మన పల్లెల్లో చాలా ఇళ్ల గుట్టు ‘ఫలానా సహోదరి కోసం ప్రార్థించండి’ అన్నచోటే రచ్చకెక్కుతుంది.

ఇక మీ అలసట. బైబిల్లో నిర్గమకాండం 18వ అధ్యాయం చాలాసార్లు విని ఉంటారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతున్న మోషేను చూసి మామ యిత్రో, ఇలా అయితే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అంటాడు. పదిమందికి ఒకరు, యాభైమందికి ఒకరు చొప్పున పని పంచమంటాడు. నాయకత్వం గురించి మాట్లాడేవాళ్లంతా ఈ సలహానే చెబుతారు. ఆ అధ్యాయం మొదలయ్యేది మాత్రం వేరేచోట. మోషే పంపేసిన భార్య సిప్పోరాను, ఇద్దరు కొడుకులను యిత్రో వెంటబెట్టుకుని వస్తాడు. ముందు భార్యాబిడ్డలను అప్పగించాడు, సలహా మర్నాడు చెప్పాడు. ఆ వరసలోనే మీ ఇంటి మాట కూడా ఉందని నాకు అనిపిస్తుంది.

మా నాన్న కూడా సంఘ పెద్దే. రాత్రి అన్నానికి కూర్చోగానే ఎవరో ఒకరు తలుపు కొట్టేవారు. ఆయన లేచి వెళ్లేవారు, అమ్మ ఆ కంచం మీద మూత పెట్టేది. ఆ మూత చప్పుడు నాకు ఇంకా గుర్తుంది. మీ అబ్బాయికి దేవుడి మీద కోపం ఉందో లేదో నాకు తెలియదు. నాన్న మీద మాత్రం బెంగ ఉండి ఉంటుంది. ఈ నెల చర్చికి రమ్మని అడగొద్దు. కొట్టుకు సరుకు తేవడానికి వెళ్లేటప్పుడు బండి మీద వెంట తీసుకెళ్లండి, వాడు మాట్లాడితే వినండి.

మీ ఇల్లాలిని పరిచర్యకు అడ్డం అనుకోకండి. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు, పల్లెలకు పంపే పనివాళ్లతో పాటు వాళ్ల భార్యలకూ శిక్షణ ఇప్పించారు. ఆడవాళ్ల కష్టం ఆడమనిషి దగ్గరే బయటపడుతుందని మీకూ ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆ అమ్మాయి ముందు మీ ఇల్లాలి దగ్గరికి వచ్చి ఉంటే ‘ఓర్చుకో’ అనేవారు కాదేమో. అయితే ఆవిడ నెత్తిన కొత్త పని పెట్టకముందు, ఈ ఎనిమిది నెలలు ఎలా గడిచాయో అడగండి. మధ్యలో జవాబు చెప్పకుండా వినండి.

పని పంచడం మీరు అనుకున్నంత కష్టం కాదు. స్త్రీల సమాజంలో నమ్మకమైన ఇద్దరు పరామర్శలు చూడగలరు. వాక్యభాగం చదవడం ఒక యవనస్తుడికి ఇవ్వండి. ముప్పావు గంట ప్రసంగం చేయాలన్న టెన్షన్ వదిలేయండి. పది నిమిషాలు మీకు నిజంగా అర్థమైనదే చెప్పండి, చాలు. పాస్టర్ గారికి మాట సరిగా రాకపోయినా వారానికోసారి పక్కన కూర్చోండి, ఆయన కూడా పరామర్శ కోసం చూస్తుంటారు. చావింటికి వెళ్తే ‘దేవుని చిత్తం’ అని వెంటనే అనకండి. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబును పరామర్శించడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే ఆయన్ని గాయపరిచారు.

నిద్ర పట్టకపోవడాన్ని తేలిగ్గా తీసుకోకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. అలా చేస్తే విశ్వాసం తగ్గినట్టు కాదు. బైబిల్లో ఏలీయా ప్రవక్త చచ్చిపోవాలనుకున్నప్పుడు దేవదూత ముందుగా పెట్టింది రొట్టె, నీళ్లు. మధ్యలో ఆయన్ని నిద్రపోనిచ్చాడు కూడా.

పెద్దరికం వదలాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చకండి. మూడు నెలలు పని పంచి చూశాక, మీ ఇల్లాలితో కలిసి ఆలోచించుకోండి. వదలాలనిపిస్తే వదలండి, అందులో తప్పేమీ లేదు. ముందు ఈ వారంలోనే ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్లి రండి. ఒక్కరే వద్దు, మీ ఇల్లాలు రాగలిగితే ఆవిణ్ణి వెంట తీసుకెళ్లండి.