హ్యామ్ రేడియోలో 40 మీటర్ల బ్యాండ్ డైపోల్ యాంటెన్నా 6.8 మెగాహెర్ట్జ్ దగ్గర ట్యూన్ అవుతుంటే

బ్రదర్, 7.1 మెగాహెర్ట్జ్ కోసం కట్టిన డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపి రెండు వైపులా వైరు లాగే యాంటెన్నా) సరిగ్గా ట్యూన్ కావట్లేదు, స్పీకర్లో గరగర, రాత్రి నాయిస్, యాంప్లిఫైయర్ కొననా అన్నారు కదా. 100 వాట్ల యాంప్లిఫైయర్ ఇప్పుడే కొనకండి, డబ్బులు దండగ. ఒక్కో వైపు 10.07 మీటర్లు పెట్టినా ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత, 1కి దగ్గరైతే మంచిది) 7.1లో 3 చూపిస్తోంది, 6.8లో బాగా తగ్గుతోంది అన్నారు కదా, అంటే వైరు పొడవు ఎక్కువైందనే. 143ని మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీతో భాగిస్తే రెండు వైపుల మొత్తం పొడవు మీటర్లలో వచ్చే లెక్క తొడుగు లేని రాగి తీగకి, మీరు వాడింది ఇంటి వైరింగ్‌కి వాడే పీవీసీ వైరు కాబట్టి ఆ తొడుగు వల్ల ఫ్రీక్వెన్సీ కిందకి జారుతుంది.

10.07ని 6.8తో గుణించి 7.1తో భాగించండి, 9.64 వస్తుంది, అంటే ఒక్కో వైపు 42 సెంటీమీటర్ల దాకా తగ్గించాలి. కానీ వెంటనే కట్ చేసేయొద్దు, ముందు 30 సెంటీమీటర్లు వెనక్కి మడిచి అదే వైరుకి బిగించి చుట్టి, పైకి లాగి మళ్ళీ చూడండి, ఎందుకంటే టెర్రస్ మీద చేతికందే ఎత్తులో చూసిన రీడింగ్ పైకెత్తాక మారిపోతుంది. రెండు వైపులా సమానంగా మడవాలి.

ఇక రేడియోలో మాట్లాడుతుంటే కంప్యూటర్ స్పీకర్లో గరగర అంటే చాలామటుకు కోయాక్స్ (రేడియో నుంచి యాంటెన్నాకి వెళ్ళే కేబుల్) మెటల్ తొడుగు బయటివైపు మీద కరెంట్ వస్తోందని అర్థం. దాన్ని ఆపడానికి ఫీడ్ పాయింట్ (కేబుల్ యాంటెన్నా వైరుతో కలిసే చోటు) దగ్గరే ‘43 మెటీరియల్’ అనే రకం ఫెర్రైట్ రింగ్‌కి ఆర్‌జీ-58 రకం కోయాక్స్ కేబుల్ని ఓ పదకొండు చుట్లు చుట్టండి.

రాత్రి ఎస్9 నాయిస్ (రేడియో మీటర్ మీద చాలా గట్టిగా కనిపించే రొద) సంగతి వేరు. రేడియో బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ ఆపండి, తగ్గితే దొంగ మీ ఇంట్లోనే, ముందు ఎల్‌ఈడీ బల్బుల్నీ చవక చార్జర్లనీ అనుమానించండి. తగ్గకపోతే పక్కింటివాళ్ళతో మంచిగా మాట్లాడుకోవాల్సిందే!

వైరు చివర్లలో ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు వోల్టేజ్ బాగా ఉంటుంది, పిల్లల చేతికందకుండా కట్టండి, కరెంటు తీగల వైపు అసలు లాగొద్దు. మడిచాక రీడింగ్ ఎంతొచ్చిందో పెట్టండి, చూద్దాం. 73 (హ్యామ్ల భాషలో శుభాకాంక్షలు)