స్నోబోర్డ్ హాఫ్‌పైప్‌లో రెండుసార్లు పడిపోయినా స్వర్ణం ఎలా ఇస్తారు?

సగం గొట్టంలా ఎదురెదురు గోడలున్న మంచు కాలువలో, కాళ్లకు బిగించిన ఒకే బోర్డు మీద జారుతూ విన్యాసాలు చేసే పోటీ స్నోబోర్డ్ హాఫ్‌పైప్. ఒలింపిక్స్ మహిళల ఫైనల్లో ఒక్కొక్కరికి మూడు అవకాశాలు ఉన్నా, వాటిలో అత్యధిక స్కోరు వచ్చిన ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటారు కనుక, మిగిలిన రెండింటిలో పడిపోయిన క్రీడాకారిణికి కూడా స్వర్ణం దక్కవచ్చు.

సుమారు 7 మీటర్ల ఎత్తున్న మంచు గోడ అంచు దాటి పైకి లేచి, గాలిలో గిరగిరా తిరిగి, మళ్లీ అదే గోడ వాలు మీదికి దిగాలి. దిగేటప్పుడు బోర్డు అంచు కాస్త తేడాగా ఆనినా వేగం తగ్గిపోయి, ఎదుటి గోడ మీద చేయవలసిన విన్యాసానికి ఎత్తు చాలదు. ఇంత ప్రమాదమున్న ఆటలో మూడు స్కోర్లనూ కూడితే, కష్టమైన విన్యాసాల జోలికి ఎవరూ పోరు. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో లాంగ్ జంప్ పోటీలు చూసినవారికి ఈ పద్ధతి తెలిసినదే: అక్కడా అన్నిటికంటే దూరం దూకిన ప్రయత్నమే నిలుస్తుంది.

2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికాకు చెందిన క్లోయీ కిమ్ మొదటి ప్రయత్నంలోనే 94.00 సాధించి, తర్వాతి రెండింటిలోనూ పడిపోయారు, అయినా 90.25తో రజతం పొందిన స్పెయిన్ క్రీడాకారిణి కేరాల్ట్ కస్టెలెట్ ఆమెను దాటలేకపోయారు.

ఎక్కువసార్లు గిరగిరా తిరిగినవారే గెలుస్తారన్నది చాలామందికి ఉన్న అపోహ. న్యాయనిర్ణేతలు ఎత్తు, కష్టం, వైవిధ్యం, దిగడంలోని నిలకడ అన్నీ కలిపి 100కు మార్కులు వేస్తారు. ఆరుగురు వేసిన వాటిలో అత్యధికం, అత్యల్పం తీసేసి, మిగిలిన నాలుగింటి సగటునే స్కోరుగా ప్రకటిస్తారు.