అలసిపోయినవారికి సేవాగ్రామ్ తగిన చోటేనా? అక్కడ ఆరు రోజులు గడిపిన అనుభవం

మీరు రెండు విషయాలు అడిగారు. ఉద్యోగంలో అలసిపోయినవారు రిసార్టుకు కాకుండా ఏదైనా పల్లెకు వెళ్లి, నలుగురి మధ్య కొన్ని రోజులు ఉండి రావడానికి తగిన చోటు ఉందా అన్నది మొదటిది. పూజలూ భక్తీ అలవాటు లేనివారిని అలాంటి ఆశ్రమాల్లో మనస్ఫూర్తిగా ఆదరిస్తారా అన్నది రెండవది. రెండింటికీ నేను చెప్పగలిగింది మహారాష్ట్రలో వార్ధా దగ్గరి సేవాగ్రామ్ గురించి. మా నాన్నగారు చనిపోయిన ఏడాది, రాత్రుళ్లు నిద్ర లేక, ఎవరు పలకరించినా జవాబివ్వాలనిపించక ఉన్న రోజుల్లో నేను అక్కడ ఆరు రోజులు ఉన్నాను.

మనకు అది దూరమేమీ కాదు. కాజీపేట, మంచిర్యాల, బల్లార్షా మీదుగా నాగపూర్ వైపు వెళ్లే రైళ్లలో కొన్ని సేవాగ్రామ్ స్టేషన్లో ఆగుతాయి. బస చేయడానికి ఆశ్రమానికి ఎదురుగా యాత్రీ నివాస్ ఉంది. గదులు సాదాగా ఉంటాయి. ఖాళీ ఉందో లేదో ముందుగా కనుక్కుని బయలుదేరడం మంచిది.

ఆ చోటు స్వభావం అర్థం కావాలంటే అది ఎలా మొదలైందో కొంత తెలియాలి. 1930లో ఉప్పు సత్యాగ్రహానికి బయలుదేరినప్పుడు, స్వరాజ్యం వచ్చేదాకా సబర్మతి ఆశ్రమానికి తిరిగి రానని గాంధీజీ ప్రతిజ్ఞ చేశారు. తరువాత తన అనుచరుడైన పారిశ్రామికవేత్త జమ్నాలాల్ బజాజ్ పిలుపు మీద వార్ధాకు వచ్చి, 1936 ఏప్రిల్‌లో అక్కడికి దగ్గరి సేగావ్ అనే చిన్న పల్లెలో స్థిరపడ్డారు. ఆ పల్లె పేరే తరువాత సేవాగ్రామ్ అయింది. మొదట కట్టిన ఆదినివాస్‌లో గాంధీజీ, కస్తూర్బా, సహచరులు, వచ్చిన అతిథులు అందరూ ఒకే కప్పు కింద సర్దుకుని ఉండేవారు. కుష్ఠురోగంతో వచ్చిన సంస్కృత పండితుడు పర్చురే శాస్త్రికి గాంధీజీ తన కుటీరానికి దగ్గరలోనే చోటిచ్చి, స్వయంగా సేవ చేశారు. ఆ కుటీరం ఇప్పటికీ ఉంది. నాన్నగారి చివరి రోజుల్లో ఆయన పుండ్లు కడిగిన నాకు, ఆ గుమ్మం ముందు నిలబడ్డప్పుడు, ఎన్నో నెలల తరువాత మొదటిసారి కన్నీళ్లు వచ్చాయి.

ఇక మీ రెండవ సందేహం గురించి. నాస్తికుడైన మన గోరాగారు 1944లో సేవాగ్రామ్ వెళ్లి గాంధీజీని కలిశారు. ఆ తరువాత కూడా వెళ్లి, అక్కడ ఉండి, దైవం గురించి ఆయనతో దాపరికం లేకుండా చర్చించారు. ఆ ఆదరణ ఇప్పటికీ ఉన్నదనే నాకు అనిపించింది. మీరు ఏ దేవుణ్ణి నమ్ముతారని నన్ను ఎవరూ అడగలేదు. తెల్లవారకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి, 1936లో గాంధీజీ నాటిన రావిచెట్టు దగ్గర ఆరుబయట నేల మీద కూర్చుని ప్రార్థన చేస్తారు. అందులో బౌద్ధ మంత్రం, ఉపనిషత్తు, ఖురాన్ వాక్యాలు, పార్సీ ప్రార్థన, సాయంత్రమైతే గీతలోని స్థితప్రజ్ఞ శ్లోకాలు వస్తాయి. మాటలు రానివారు ఊరక కూర్చోవచ్చు. నేను మూడు రోజులు అలాగే కూర్చున్నాను.

ప్రార్థనలో చదివే, గాంధీజీ ఆశ్రమవాసులకు పెట్టిన పదకొండు వ్రతాలలో శరీరశ్రమ ఒకటి. నాకు విశ్రాంతి దొరికింది ప్రధానంగా దాని వల్లనే. రెండవ రోజు ఉదయం, ఆశ్రమంలో పనిచేసే ఒక పెద్దావిడ నన్ను చూసి, ఏమీ అడగకుండా, చేతికి చీపురు ఇచ్చి రావి ఆకులు పడిన నేల చూపించారు. ఊడవడం అయ్యాక వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని పెట్టె రాట్నం తిప్పడం నేర్పారు. కుడి చేత్తో చక్రం తిప్పుతూ, ఎడమ చేత్తో ఏకును, అంటే చుట్టిన దూదిని, నెమ్మదిగా వెనక్కు లాగాలి. తొందరపడితే పోగు తెగుతుంది, ఆలస్యం చేస్తే పురి ఎక్కువై ముడి పడుతుంది. ఆవిడ మరాఠీ, నా వచ్చీ రాని హిందీ. పోగు తెగిన ప్రతిసారీ నా వేలు పట్టుకుని కదురు దగ్గర మళ్లీ అతికించేవారు. ఆవిడను నేను ‘తాయీ’ అని పిలిచాను; అక్కడ అక్కను అలా అంటారు. ఆ రాత్రి నేను తెల్లవారేదాకా నిద్రపోయాను.

అందుకే మీకు ఒక మాట గట్టిగా చెప్పదలిచాను. ఎవరూ పలకరించని ఏకాంతం కావాలంటే ఈ చోటు మీకు నప్పదు. ఇక్కడ అతిథికి మర్యాద చేయడమంటే పనిలో చోటివ్వడం. పక్కనే 1969లో మొదలైన వైద్య కళాశాలలో చేరే విద్యార్థులు కూడా చదువుకు ముందు పదిహేను రోజులు ఆశ్రమంలోనే ఉండి, ఈ దినచర్యనే పాటిస్తారు.

పగలు తీరిక దొరికినప్పుడు, గాంధీజీ నివసించిన బాపూ కుటీరంలో కాసేపు కూర్చోండి. అలికిన నేల, మట్టి గోడ మీద గాంధీజీ శిష్యురాలు మీరాబెన్ తీర్చిన తాటిచెట్లూ రాట్నమూ, ఒకచోట పాముల్ని చంపకుండా పట్టి దూరంగా వదలడానికి వాడిన పొడవాటి పటకారూ పెట్టే ఉంటాయి. ఆ పటకారు దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. భయపడే మనిషినీ బెదిరిన పామునూ ఒకేసారి కాపాడే పనిముట్టు అది.

ఒక పూట దగ్గరలోని పౌనార్‌కు కేటాయించండి. ధామ్ నది ఒడ్డున గాంధీజీ శిష్యుడు వినోబా భావే స్థాపించిన బ్రహ్మవిద్యా మందిరంలో స్త్రీలు తమ వ్యవసాయం తామే చేసుకుంటూ కలిసి జీవిస్తున్నారు. 1951 మార్చిలో వినోబా పౌనార్ నుంచే కాలినడకన హైదరాబాద్ దగ్గరి శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమావేశానికి వచ్చారు; ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇవ్వడంతో, భూమి లేనివారికి భూమి పంచే భూదాన ఉద్యమం మొదలైంది. నేను వెళ్లినప్పుడు ఒక అమ్మ నన్ను ఏ ఊరని అడిగి, తెలంగాణ అనగానే పోచంపల్లి పేరు ఎత్తి, చేయి పట్టుకుని నది కనిపించే మెట్ల దాకా తీసుకువెళ్లారు.

విదర్భ ఎండలు కఠినం కనుక ఏప్రిల్, మే నెలల్లో వెళ్లవద్దు. డిసెంబరులో వెళితే మందపాటి దుప్పటి ఒకటి తప్పక పెట్టుకోండి. తెల్లవారుజాము ప్రార్థనకు నేల మీదే కూర్చోవాలి.