డగ్లస్ ఆడమ్స్ అయిపోయాక ఏం చదవాలంటే

చి. అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

డగ్లస్ ఆడమ్స్ అంతరిక్ష హాస్య నవల హిచ్‌హైకర్స్ అయిదు భాగాలూ అయిపోయాయి, అలాంటివే ఇంకేమైనా చెప్పమన్నావు. ముందు ఆడమ్స్‌వే ఏమైనా మిగిలాయేమో చూసుకో. డర్క్ జెంట్లీ అనే డిటెక్టివ్ నవలలు రెండున్నాయి, 1987లో ఒకటి, 1988లో ఒకటి. మొదటిదాని ముడి ఒక పట్టాన విడదు, అయినా వదిలెయ్యకు. 2009లో వచ్చిన ఆరో హిచ్‌హైకర్స్ మాత్రం వేరే రచయిత రాసింది. ఆడమ్స్ కోసమైతే అది వద్దు.

ఆ తర్వాత పాత పుస్తకమే మళ్ళీ తీసి, నువ్వు పగలబడి నవ్విన మూడు చోట్ల పెన్సిల్‌తో గీత పెట్టు. అట్ట మీద రాకెట్టు చూసి కొంటే డబ్బు దండగ. నీకు కావలసింది అంతరిక్షం కాదు, ఆ నవ్వు.

గీత వాక్యం మీద పడిందా? ఇటుకలు గాల్లో ఎలా వేలాడవో, అచ్చం అలాగే అంతరిక్ష నౌకలు ఆకాశంలో వేలాడుతున్నాయంటాడు చూడు, అలాంటి వాక్యం. ఇంగ్లీషులో ఆ ‘వేలాడవు’ అన్న ముక్క చిట్టచివర పడుతుంది. నేను తెలుగులో చెప్పేసరికి అది ముందుకొచ్చింది, సగం నవ్వు పోయింది. అందుకే ఈ రకం మూలంలోనే చదవాలి. ఆడమ్స్ ఎంతో ఆరాధించిన ఇంగ్లీషు హాస్య రచయిత వుడ్‌హౌస్‌తో మొదలుపెట్టు. తొలినాళ్ళ స్కూలు కథలు ఇప్పుడే ముట్టుకోకు, 1938 నాటి ‘ద కోడ్ ఆఫ్ ద వూస్టర్స్’ తీసుకో.

భూమిని కూల్చే నోటీసు యాభై ఏళ్ళుగా ఎక్కడో ఆల్ఫా సెంటారీ నక్షత్రం దగ్గరి ఆఫీసులో ఉందన్న చోట, అంటే ఆఫీసు రూళ్ళ వెర్రితనం మీద గీత పడితే, జోసెఫ్ హెల్లర్ సైన్యం మీద రాసిన ‘క్యాచ్-22’ (1961) చదువు. కాలం ముందూ వెనకా అవుతుంది, పేర్లు కుప్పలుగా వస్తాయి. చాలామంది మొదటి వంద పేజీల్లోనే మానేసేది అందుకే. ఒక కాగితం మీద పేరూ హోదా రాసుకుంటూ పో. చెక్ రచయిత హాషెక్ రాసిన సైనికుడి కథ ‘ష్వేక్’ కూడా ఈ కోవదే, కానీ సెసిల్ పారట్ 1973లో చేసిన ఇంగ్లీషు అనువాదమే కొను. అంతకుముందు 1930లో వచ్చినది కత్తిరించిన ప్రతి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన రకం: ఒక పిచ్చి ఊహ పట్టుకుని, తర్కం ఎక్కడా తప్పకుండా చివరిదాకా లాక్కెళ్ళడం. ఫ్లాన్ ఓబ్రయన్ ‘ద థర్డ్ పోలీస్‌మన్’లో సైకిల్ ఎక్కువ తొక్కినవాడి అణువులు సైకిల్లోకి, సైకిల్‌వి వాడిలోకి మారిపోతుంటాయి. ఎవరు ఎంత శాతం సైకిలో పోలీసులు లెక్క కడుతుంటారు! 1940కే రాసినా అచ్చయింది 1967లో, ఆయన పోయాక. దీని ముందుమాట, వెనక అట్ట చదవకు. ముగింపు ముందే తెలిస్తే పుస్తకం చచ్చిపోతుంది. మన భాషలో ఈ రుచి కావాలంటే ముళ్ళపూడి ‘ఋణానందలహరి’ ఉంది. అందులో అప్పుల అప్పారావు అప్పు చేయడాన్ని ఒక శాస్త్రంలా నడిపిస్తాడు.

మూడు గీతలూ మూడు రకాలైతే టెర్రీ ప్రాచెట్. డిస్క్‌వరల్డ్ నవలలు 41, వరస తప్పినా ఫరవాలేదు. 1983 నాటి మొదటిది అప్పటి ఫాంటసీ నవలల మీద పేరడీ. అవి చదవనివాళ్ళకి అందులో సగం అందదు. ‘మోర్ట్’తో గానీ ‘గార్డ్స్! గార్డ్స్!’తో గానీ మొదలుపెట్టు.

ఏది తీసుకున్నా ముప్పై పేజీలు చూడు. నవ్వు రాకపోతే పక్కన పెట్టి, ఏడాది తర్వాత తియ్యి. ఒకరి పుస్తకాలు వరసగా మూడు మించి చదవకు, చమత్కారం పట్టు ముందే తెలిసిపోతుంది. ఆ మూడు గీతలు ఎక్కడ పడ్డాయో నాకు రాయి, నా బీరువాలో ఉన్నవి పంపిస్తాను.

మీ మావయ్య